దేవుడి పద్దు, మనిషి పద్దు

మా ఆఫీసు లెక్కలో కష్టాలు రెండు రకాలు: దేవుడు పెట్టినవి, మనిషి పెట్టినవి. దేవుడు పెట్టిన కష్టానికి మా విపత్తుల శాఖ సాయం చేస్తుంది. మనిషి పెట్టిన కష్టానికి పోలీసులు కేసు కడతారు. ఈ పంపకం ఎవరు చేశారో తెలియదు గాని, ఇన్నేళ్లలో దేవుడూ అభ్యంతరం చెప్పలేదు, మనిషీ చెప్పలేదు. గాలివాన దేవుడి పద్దు. గడ్డివాముకు నిప్పు మనిషి పద్దు. రెంటికీ మధ్యలో ఏదైనా వస్తే ఏం చెయ్యాలో మా నిబంధనల్లో లేదు. నిబంధనల్లో లేనిది ఊళ్లోకి రాదని మా నమ్మకం.

అదే వచ్చింది. గవ్వలపేట నుంచి వచ్చింది.

గవ్వలపేట సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె. సముద్రం మొదట వాళ్ల వలలు ఆరబెట్టే దిబ్బను తీసుకుంది. తర్వాత ఒక వీధి తీసుకుంది. ఆ తర్వాత ఇంకో వీధీ, రామమందిరం అరుగూ తీసుకుంది. మైలపల్లి కొర్లయ్య ఇల్లు ఒకప్పుడు ఊరికి చిట్టచివర ఉండేది. ఇళ్లు పోయినవాళ్లంతా వెళ్లి దాని వెనక కట్టుకోవడంతో ఇప్పుడు ఊరికి మొదట ఉంది. ఉన్నచోటి నుంచి కదలకుండా అంత ముందుకు వచ్చినవాళ్లు మా ఆఫీసులో కూడా తక్కువ.

తుఫాన్ల కాలం రాకముందే తన ఇంటి ముందు రాళ్ల గట్టు వేయించమని కొర్లయ్య అర్జీ పట్టుకొచ్చాడు. గట్టు ఉంటే ఆయన ఇల్లు, దాని వెనక ఉన్న మిగతా పల్లె దక్కుతాయి. లేకపోతే దక్కవు. ఇందులో అర్థం కానిదేమీ లేదు. అర్జీ నా బల్ల మీదకే వచ్చింది. నేను సీనియర్ అసిస్టెంటుని, అంటే ఫైలు పైకి వెళ్లేటప్పుడు మోసేవాణ్ని, కిందికి వచ్చేటప్పుడు తిట్లు తినేవాణ్ని. మామూలుగా అయితే 'సముద్రపు కోత, దేవుడి పద్దు' అని రాసి పంపేసేవాణ్ని. కాని ఆ అర్జీ రాసిపెట్టిన ఊరి బడి మేష్టారు, బరువుగా ఉంటుందని ఒక వాక్యం చేర్చారు: 'మానవ తప్పిదాల వల్ల వాతావరణం వేడెక్కి, సముద్రమట్టం పెరిగి, మా పల్లె మునుగుతున్నందున'. చదువుకున్నవాళ్ల సాయం ఇలాగే ఉంటుంది.

మా జాయింట్ డైరెక్టరు పరబ్రహ్మం గారు ఏ కాగితమైనా ఎర్ర పెన్సిలుతో చదువుతారు. 'మానవ' అన్న మాట కింద రెండు గీతలు గీశారు.

"ఏమయ్యా, ఇది మానవ తప్పిదమని మీరే పేర్కొన్నారు" అన్నారు కొర్లయ్యతో.

"రాసింది మేస్టారు బాబూ. నాకు సదువేటి తెలుసు. సంద్రం ఒచ్చేత్తంది, రాళ్లు ఎయ్యండి. అంతే నా మాట."

"సముద్రం రావడం అనేది ఇక్కడ ప్రశ్న కాదు. దాన్ని ఎవరు రప్పించారు అన్నది ప్రశ్న. దైవం రప్పించిన పక్షంలో మా శాఖ. మనిషి రప్పించిన పక్షంలో పోలీసు శాఖ. ఒక శాఖ విధిని మరొక శాఖ నిర్వర్తించడం అనేది అరాచకానికి దారి తీస్తుంది."

"సార్, ఆ ఒక్క వాక్యం కొట్టేయిద్దామా" అన్నాను నేను.

పరబ్రహ్మం గారు నన్ను జాలిగా చూశారు. "అర్జీదారుడి వాంగ్మూలాన్ని మనం కొట్టేయడమా? దాన్ని సాక్ష్యం తారుమారు చెయ్యడం అంటారు."

ఫైలు పోలీస్ స్టేషనుకు వెళ్లింది. సీఐ రుద్రరాజు గారు దాన్ని రెండు రోజులు ఉంచుకుని, నన్ను పిలిపించారు.

"నిందితుడి పేరేది, తండ్రి పేరేది, ఇంటి నంబరేది?"

"మానవాళి అని ఉంది కదండీ."

"మానవాళి అని రాసుకొస్తే లాకప్పులో ఎక్కడ పెట్టమంటారు? ఉన్నది రెండు గదులు. అందులో ఒకటి ఆడవాళ్లది. దేవుడే చేశాడని మీ సారుకి చెప్పండి, అందరికీ సుఖం."

ఇది దేవుడి పనేనని పోలీసులు, కాదు మనిషి పనేనని మేము. ఫైలు రెండు ఆఫీసుల మధ్య వస్తూ పోతూ ఉంది. సముద్రం మాత్రం పోవడం మానేసి, రావడమే పెట్టుకుంది.

ఆఖరికి పరబ్రహ్మం గారికి ప్రజాస్వామ్యం గుర్తుకొచ్చింది. ఈ వేడి దేవుడిదా మనిషిదా అన్నది బహిరంగ చర్చలో తేల్చాలని ఉత్తర్వు వేశారు. "ఏ విషయానికైనా రెండు పక్షాలు ఉంటాయి. లేనిచోట మనం ఏర్పాటు చెయ్యాలి" అన్నారు.

మనిషి పనే అనే పక్షానికి మనిషి సులువుగానే దొరికింది. యూనివర్సిటీలో సముద్రాల గురించి పాఠం చెప్పే డాక్టర్ అనసూయ గారు పిలవగానే ఒప్పుకున్నారు. రెండో పక్షానికి ఎవరూ దొరకలేదు. పేపర్లో ప్రకటన ఇచ్చాం, ఎవరూ రాలేదు. యూనివర్సిటీని అడిగితే అటువంటివారు తమ దగ్గర లేరని జవాబు వచ్చింది. దాంతో పరబ్రహ్మం గారికి ఆ పక్షానికి అన్యాయం జరుగుతోందన్న పట్టుదల పెరిగింది. చివరికి గుమ్మలూరి భూషణం గారిని కుదిర్చాం. ఆయన రిటైరైన లెక్చరరు. జిల్లాలో ఎక్కడ వక్తృత్వ పోటీ జరిగినా న్యాయనిర్ణేత ఆయనే. విషయం ఏమిటని కూడా అడగలేదు. "నాది అనుకూలమా, ప్రతికూలమా?" అని మాత్రం అడిగారు.

చర్చ రోహిణీ కార్తెలో పెట్టాం. ఎండలు విపరీతంగా ఉన్నందున, వాతావరణం వేడెక్కుతోందా అన్న చర్చ వాయిదా పడింది. మళ్లీ పెట్టిన రోజున ఎప్పుడూ లేనంత వాన కురిసి దారి తెగింది. మళ్లీ వాయిదా. ఈ వాయిదాలకు గల కారణాలను ఏ పక్షమూ చర్చలో సాక్ష్యంగా వాడరాదని పరబ్రహ్మం గారు ముందుచూపుతో ఇంకో ఉత్తర్వు వేశారు.

మూడోసారికి చర్చ జరిగింది. గవ్వలపేటలో రోడ్డు పక్కన, కొంచెం మెరక మీద తుఫాను షెల్టరు ఉంది. అందులో పెట్టాం. పల్లె పల్లెంతా వచ్చి నేల మీద కూర్చుంది. కొర్లయ్య, ఆయన భార్య పైడమ్మ ముందు వరసలో ఉన్నారు. కొర్లయ్య ఆ రోజు ఉతికిన పంచె కట్టి, భుజం మీద తువ్వాలు వేసుకుని, చేతిలో ఒక కొబ్బరికాయ పట్టుకుని వచ్చాడు. ఎందుకో అప్పుడు నేను అడగలేదు.

రెండు పక్షాలకూ ఒకే ఎత్తు కుర్చీలు, ఒకే రకం గ్లాసులు పెట్టించాను. అనసూయ గారు మాత్రం ఏళ్ల తరబడి కొలిచిన వేడిమి పటాలు, సముద్రమట్టం పటాలు చుట్టలుగా చుట్టి తెచ్చారు. భూషణం గారి దగ్గర పటాలేమీ లేవు. సమానత్వం దెబ్బతింటుందని పరబ్రహ్మం గారు ఆమె పటాలన్నీ గోడవైపు తిప్పి పెట్టించారు.

ఆమె నోటితోనే చెప్పింది. బొగ్గూ పెట్రోలూ కాల్చిన పొగ భూమికి దుప్పటిలా కప్పుకుందనీ, లోపలి వేడి బయటికి పోవడం లేదనీ, వేడెక్కిన నీరు ఉబ్బుతుందనీ, మంచు కరిగి సముద్రంలో కలుస్తోందనీ చెప్పింది. పైగా నదులకు అడ్డంగా కట్టిన కట్టడాల వల్ల ఒడ్డుకు ఇసుక రావడం లేదని కూడా చెప్పింది. "ఏది చూసినా మనుషుల పనే. అందులోనూ ఎక్కువ కాల్చినవాళ్లు ఎక్కడో ఉన్నారు, మునిగేవాళ్లు ఇక్కడున్నారు" అంది. పల్లెవాళ్లు తలలూపారు.

"నూటికి నూరు పాళ్లు ఖచ్చితమేనా అమ్మా?" అన్నారు పరబ్రహ్మం గారు.

"సైన్సులో ఆ మాట ఎవరూ వాడరండి. కాని అనుమానం పెట్టుకోవాల్సిన అవసరం లేనంత ఖచ్చితం."

"అంటే కొంత మిగిలింది. ఆ మిగిలినదానికి ఎవరు సంతకం పెడతారు?"

ఆమె నోరు తెరిచే లోపు సమయం అయిపోయిందని గంట కొట్టారు. కొట్టింది నేనే.

భూషణం గారు లేచి, కండువా సవరించుకుని, సభకు నమస్కారం పెట్టారు. "మేడం గారు దుప్పటి అన్నారు. వినడానికి వెచ్చగా ఉంది. పోయిన పుష్యమాసంలో నేను రెండు దుప్పట్లు కప్పుకున్నాను. భూమికి అప్పటికే ఒకటి కప్పి ఉంటే నాకు రెండోది ఎందుకు పట్టింది?" మా సిబ్బంది చప్పట్లు కొట్టారు. "మా తాతగారి కాలంలో ఎండలు లేవా? కాసేవి. ఆయన చెప్పులు లేకుండా నడిచేవారు. నడిచింది ఆయన, బొబ్బలెక్కింది ఆయనకు. మేడం గారికి ఆ సంగతి ఏ పటంలోనైనా ఉందా? సముద్రం నిజంగా పెరుగుతుంటే ఉప్పు చవక కావాలి కదా. అయిందా?"

అంతలో బయట పెద్ద చప్పుడైంది. ఒడ్డున మిగిలిన కొబ్బరిచెట్లలో ఒకటి వేళ్లతో సహా నీళ్లలోకి ఒరిగింది. అందరూ అటు చూశారు. భూషణం గారు చెట్టు పూర్తిగా పడేదాకా ఆగి, "ఒక చెట్టును బట్టి నిర్ణయానికి రాకూడదు" అన్నారు. మంచి వక్తకు ఆ నిదానం ఉండాలి.

పరబ్రహ్మం గారు తీర్పు చెప్పడానికి లేచారు. "ఇరుపక్షాల వాదనలూ సమాన బలం కలిగి ఉన్నవి. ఎలాగంటే ఇరువురికీ మనం సమానమైన సమయం ఇచ్చాం. కాబట్టి విషయం తేలలేదు. మనిషే చేశాడని ఎవరైనా మనిషి స్వయంగా వచ్చి ఒప్పుకుంటే తప్ప, ఇది తేలే అవకాశం కూడా కనపడదు. అంతవరకు రాళ్ల ప్రతిపాదన పరిశీలనలో ఉంటుంది."

ఇక్కడ గవ్వలపేట ఆచారం ఒకటి చెప్పాలి. వాళ్ల కులసభలో తగువు వచ్చి, తప్పు ఎవరిదో ఎంతకీ తేలకపోతే, పెద్దవాళ్లలో ఒకరు లేచి ఆ తప్పు తన మీద వేసుకుంటారు. సభలో కొబ్బరికాయ పెట్టి 'నాదే తప్పు' అంటారు. అంతే, తగువు తెగిపోయినట్టే. నిజంగా ఎవరిదని ఆ తర్వాత ఎవరూ అడగకూడదు. తప్పు ఒప్పుకున్నవాడికి అందరూ కలిసి అన్నం పెడతారు, మర్నాడు ఆగిపోయిన పని మొదలవుతుంది. ఆ పెద్దమనిషికి ఊళ్లో గౌరవం పెరుగుతుంది తప్ప తగ్గదు.

కొర్లయ్య లేచి, వేదిక దగ్గరకు నడిచి, పరబ్రహ్మం గారి బల్ల మీద కొబ్బరికాయ పెట్టాడు.

"నానే సేసినాను బాబూ" అన్నాడు.

పైడమ్మ గభాల్న లేచింది. "ఏటయ్యా ఆ మాట? నువ్వేటి సేసినావు?"

"ఉండవే. తగువు తెగిపోతాది. రేపు రాళ్లు ఎయ్యించీగలరు."

అనసూయ గారి ముఖం ఎర్రబడింది. "సార్, ఆయన కాదు. ఈ హాల్లో ఉన్న అందరిలో ఈ పాపం అతి తక్కువగా చేసినవాడు ఆయనే. మీ జీపు ఒక్కరోజులో కాల్చినంత ఆయన ఏడాదిలో కాల్చి ఉండడు."

పరబ్రహ్మం గారు చిరునవ్వు నవ్వారు. "అమ్మా, మనిషి చేశాడన్నది మీరే. తీరా మనిషి దొరికితే కాదంటున్నదీ మీరే. మీ పక్షమే గెలిచింది, సంతోషించండి." భూషణం గారు వెళ్లి ఆమెకు అభినందనలు చెప్పి వచ్చారు. ఓడిపోయినవాడు గెలిచినవాళ్లను అభినందించడం పోటీల్లో సంప్రదాయమట.

కొర్లయ్యను జీపులో ఎక్కించారు. పల్లెలో అన్నం వండి పెట్టుకుని ఆ సాయంత్రం దాకా ఎదురుచూశారు.

వాంగ్మూలం రాసేటప్పుడు మా శాఖ తరఫున నన్ను కూర్చోబెట్టారు. దేవుడి పనేనని అన్నాళ్లు వాదించిన రుద్రరాజు గారు ఇప్పుడు మంచి హుషారు మీద ఉన్నారు. భూమిని వేడి చేసిన మనిషి తన స్టేషను పరిధిలో దొరకడం చిన్న విషయం కాదు కదా.

"చెప్పు. భూమిని ఎలా వేడి చేశావు?"

కొర్లయ్య కొంచెంసేపు ఆలోచించాడు. ఒప్పుకున్నాక వివరాలు అడగడం వాళ్ల సభలో లేదు. "ఇంజను పడవ ఒకటి ఉండీది బాబూ. దాన్ని సంద్రం పట్టుకెల్లిపోనాది. మా ఆడది సరుగుడు పుల్లల మీద కూరొండుతాది. ఇంకేటి నేదు."

"మంచు కూడా కరిగిందంటున్నారు. ఉత్తర ధ్రువం ఎప్పుడు వెళ్లావు?"

"అదెక్కడుంది బాబూ?"

"ఉత్తరాన."

"ఉత్తరానికి పారాదీప్ దాకా ఎల్లినాను. సేపల ఏటకే."

'నేరం జరిగిన దిశగా ప్రయాణించినట్టు నిందితుడు అంగీకరించాడు' అని రాశారు. కొబ్బరికాయకు చీటీ కట్టి, సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నారు.

మర్నాడు పేపర్లలో ఫోటో వచ్చింది. మధ్యలో కొర్లయ్య, అటూ ఇటూ మావాళ్లు. ప్రపంచంలో ఇంతమంది ఇన్నేళ్లుగా ఎవరు చేశారని కొట్టుకుంటుంటే మన జిల్లా ఒక్క పూటలో పట్టుకుందని పరబ్రహ్మం గారికి శాలువా కప్పారు. ఆ సభకు ఎయిర్ కూలర్లు కావలసి వచ్చాయి. అనసూయ గారు పై అధికారులకు ఎన్ని ఉత్తరాలు రాసినా, 'మీ పక్షం విజయానికి అభినందనలు' అని ఒకటే జవాబు వెళ్లింది. ఆ జవాబులు నేనే టైపు చేశాను.

వానలు పడ్డాక కొర్లయ్యకు బెయిలు దొరికింది. దానికి ఒక షరతు ఉంది. ఈ కేసులో సముద్రం ప్రధాన సాక్షి కాబట్టి, నిందితుడు సాక్షి దరిదాపుల్లోకి వెళ్లకూడదు, సాక్షిని ప్రభావితం చెయ్యకూడదు. అంటే చేపల వేటకు వెళ్లకూడదు. ఇంట్లోనూ ఉండకూడదు, ఎందుకంటే ఇల్లు సాక్షికి మరీ దగ్గర. మొగుడూ పెళ్లాం మూటాముల్లె సర్దుకుని తుఫాను షెల్టరులోకి మారారు. పైడమ్మ రోజూ వెళ్లి ఇంటి ముందు ముగ్గు పెట్టి వచ్చేది. కొర్లయ్య షెల్టరు మెట్ల మీద కూర్చుని, దూరం నుంచి సముద్రాన్ని చూసేవాడు. చూడకూడదని షరతులో లేదు.

ఒకరోజు ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. చిక్కిపోయాడు.

"తప్పు ఒప్పీసుకున్నాను బాబూ. రాళ్లెప్పుడు ఎయ్యిస్తారు?"

పరబ్రహ్మం గారు ఆశ్చర్యపోయారు. "రాళ్లెందుకయ్యా? నేరస్తుడు దొరికాడు. కారణం తొలగిన పిమ్మట కార్యం దానంతటదే తొలగిపోతుంది. నువ్వు లోపల ఉన్న రోజుల్లో ఎండ తగ్గిన సంగతి మేం నమోదు చేసుకున్నాం కూడా. పైగా ఇది మనిషి పద్దు అని నువ్వే తేల్చావు. దేవుడి పద్దులోంచి నీకు రాళ్లిస్తే రేపు ఆడిట్‌లో దేవుడికి నేనేం సమాధానం చెప్పను?"

"మాకాడ తప్పు ఒప్పుకున్నోడికి అన్నం పెట్టి పంపుతారు బాబూ" అన్నాడు. కొర్లయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మండినా ఫైలు మూసి తాడు కట్టి బీరువాలో పెట్టాను. నెల జీతం మీద బతికేవాడి మంట బీరువా దాకానే వెళ్తుంది.

కార్తీకంలో మొదటి తుఫాను వచ్చింది. అది పెద్దదేం కాదు, దానికి పేరు కూడా పెట్టలేదు. అయినా కొర్లయ్య ఇంటికి అది సరిపోయింది. ఇల్లు పోయింది, వెనక ఉన్న ఇళ్లు వరసగా పోయాయి. ఇళ్లు పోయినవాళ్లంతా షెల్టరులో తలదాచుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. నీళ్లు షెల్టరు మొదటి మెట్టు దాకా వచ్చి, వెనక్కి పోకుండా అక్కడే ఆగిపోయాయి.

రుద్రరాజు గారు వచ్చి చూశారు. మెట్ల మీద కొర్లయ్య, మెట్టు కింద సముద్రం. బెయిలు షరతు ఉల్లంఘన కళ్లెదురుగా కనిపిస్తోంది. కేసు రాసుకున్నారు. విచారణకు పరబ్రహ్మం గారు రోడ్డు మీద జీపులోనే కూర్చుని, కొర్లయ్యను అక్కడికి పిలిపించారు.

"సాక్షి దగ్గరకు వెళ్లొద్దని చెప్పామా లేదా?"

"నాను కదల్నేదు బాబూ. అదే నడిసొచ్చినాది."

పరబ్రహ్మం గారు ఎర్ర పెన్సిలు తీశారు. నాకు అప్పుడే అర్థమైంది. "నిందితుడు సముద్రం వద్దకు వెళ్లెనా, లేక సముద్రం నిందితుని వద్దకు వచ్చెనా అను విషయమై రెండు అభిప్రాయాలు ఉన్నందున, బహిరంగ చర్చ అవసరం. ఒక పక్షం కొర్లయ్య. రెండో పక్షం సముద్రం. పోయినసారి ఆ పక్షాన్ని పిలవకపోవడం మన లోపం. రాసుకోండి, సముద్రానికి నోటీసు."

"చిరునామా ఏం వెయ్యమంటారు సార్?"

"ప్రస్తుతం ఎక్కడ నివాసం ఉంటే అక్కడిది. పార్టీ అందుబాటులో లేకపోతే ఇంటి తలుపుకి అంటించి రండి."

మ్యాపు తెరిచి చూశాను. సముద్రం ప్రస్తుత నివాసం మైలపల్లి కొర్లయ్య గారి ఇల్లు. అదే వేశాను. నోటీసు, జిగురు డబ్బా పట్టుకుని షెల్టరు దగ్గరకు వెళ్లి, ఆ ఇల్లు సరిగ్గా ఎక్కడ ఉండేదని పైడమ్మను అడిగాను. ఆమె మెట్ల మీద కూర్చుని తడిసిన బట్టలు పిండుతోంది. చేత్తో నీళ్ల మధ్యలోకి చూపించింది.

"తలుపుకి అంటించాలమ్మా" అన్నాను.

"తలుపు కూడా దానికాడే ఉంది బాబూ" అంది, పిండుతున్న బట్ట ఆపకుండా. "నువ్వు తిరగొద్దు. ఇక్కడే ఆ మెట్టు మీద నిలబడు. అదే ఒస్తాది, సేతికే ఇచ్చీగలవు."

నేను మెట్టు మీద నిలబడ్డాను. ఎక్కువసేపు నిలబడాల్సిన అవసరం రాలేదు.